తెర మీద డాక్టరు, పక్కన నర్సమ్మ



ఈ-సంజీవని 2019లో మొదలైంది. పైసా ఫీజు లేదు. అయినా మనవాళ్లు "చెయ్యి పట్టి చూడని డాక్టరేం డాక్టరు?" అంటున్నారు. ఆ మాటలో న్యాయముంది. పక్కన నర్సమ్మ కూర్చుని బీపీ, షుగరు చూసి చెబితేనే తెర మీది డాక్టరు మాట మీద మనకు గురి కుదురుతుంది.

2020 మార్చి నిబంధనల ప్రకారం మందుల చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మొహమాటం లేకుండా అడుగుదాం. పురుగుమందు కొట్టినప్పుడు కళ్లు తిరిగినా, వాంతులైనా వీడియో కోసం కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి, మందు డబ్బా వెంట పెట్టుకుని ఆసుపత్రికి పోదాం.

మన డిమాండు ఒక్కటే: ఫోన్ డాక్టరును చూపించి పీహెచ్‌సీలో డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంచొద్దు!