మాంసమా, శాకాహారమా? మన పళ్లెం గురించి నాలుగు మాటలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏటా ఈ సమావేశంలో జమాఖర్చులు, పిల్లల చదువులు, వైద్య సాయం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి వైద్య సాయం పద్దు దగ్గరే కాసేపు ఆగుదాం. మందుల ఖర్చు కోసం మన గుమ్మం ఎక్కేవారిలో షుగరు, బీపీ ఉన్నవారు ఏటికేడు ఎక్కువగా కనిపిస్తున్నారు. వారిలో కొందరు, "మాంసం మానేస్తే తగ్గుతుందా?" అని అడుగుతారు. మరికొందరు, "అన్నం మానేసి మాంసమే తింటే మాత్రలు అక్కర్లేదట కదా?" అంటారు. ఇద్దరూ ఎక్కడో విన్నదే అడుగుతున్నారు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందు జబ్బు ఎంత పెద్దదో చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇది ఒక మతం వాళ్ల జబ్బు కాదు, ఒక కులం వాళ్ల జబ్బు కాదు. మాంసం తినేవాళ్లకే వచ్చేదైతే శాకాహారుల ఇళ్లలో ఉండకూడదు. శాకాహారం వల్లే వచ్చేదైతే మన ఇళ్లలో ఉండకూడదు. రెండు ఇళ్లలోనూ ఉంది.

మన తెలుగు నేల మీద ఈ వాదన కొత్తది కాదు. ఉప్పు, నూనె లేని శాకాహారం తినమని డాక్టర్ మంతెన సత్యనారాయణ రాజు గారు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. దానికి పూర్తిగా ఎదురుగా, అన్నం, రొట్టె మానేసి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోమని, మాంసం, గుడ్లు తినవచ్చని వీరమాచనేని రామకృష్ణ గారు చెప్పారు. టీవీ చర్చల నుంచి టీ కొట్టు దాకా అది పాకింది. మూడో దారి చిరుధాన్యాలది. మైసూరులో స్థిరపడిన డాక్టర్ ఖాదర్ వలీ గారు వరి, గోధుమ బదులు కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు తినమని ఊరూరా తిరిగి చెప్పారు. 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ముగ్గురికీ లక్షల మంది అభిమానులున్నారు. ముగ్గురి దగ్గరా బాగుపడ్డామని చెప్పేవారూ ఉన్నారు.

ఇంత వేర్వేరు దారుల్లో నడిచినవాళ్లు బాగుపడ్డామంటే, వారందరూ కలిసి మానేసినదేమిటో చూడాలి. పంచదార, కూల్ డ్రింకులు, మైదా, బేకరీ సరుకు, రెండోసారి వడ్డించుకున్న తెల్లన్నం. ఏ దారి పట్టినవాడైనా ముందు వీటినే తగ్గించాడు. అమెరికాలో 609 మంది మీద ఏడాది పాటు చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. సగం మందికి కొవ్వు తగ్గించారు, సగం మందికి పిండి పదార్థాలు తగ్గించారు. రెండు వర్గాలకూ పంచదార, తెల్ల పిండి తగ్గించి కూరగాయలు బాగా తినమన్నారు. ఏడాది చివర రెండు వర్గాల బరువు తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మరి మన దేశం సంగతి? అదే సర్వేలో ఆహారం మీద చేసిన విశ్లేషణ 2025లో అచ్చయింది. మనవాళ్లు తీసుకునే శక్తిలో దాదాపు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని, అందులో ఎక్కువ భాగం తెల్లబియ్యం, మరపట్టిన ధాన్యం, పంచదార అని తేల్చారు. మాంసకృత్తుల వాటా 12 శాతమే. అందులోనూ మాంసం, చేప, గుడ్డు వంటి వాటి నుంచి వచ్చేది ఒక్క శాతం. "మనవాళ్లు మాంసం తిని పాడైపోతున్నారు" అనే మాట ఈ లెక్క ముందు నిలబడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో 98 శాతానికి పైగా జనం మాంసాహారులే అని 2014 నాటి ప్రభుత్వ సర్వే చెప్పింది. అయినా తినేది ఎంత? పళ్లెంలో అన్నం కొండంత, కూర కొసరంత.

ఆ విశ్లేషణలోనే ఇంకో రెండు మాటలున్నాయి. మొత్తం పిండి పదార్థం తగ్గించకుండా తెల్లబియ్యం బదులు గోధుమ, చిరుధాన్యాల పిండికి మారినంత మాత్రాన షుగరు ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. అంటే మన చోడంబలి, సామల అన్నం మంచివే, కానీ కొలత లేకుండా తాగితే, తింటే అవీ ఆ లెక్కలోకే వస్తాయి. రెండోది, పిండి పదార్థాల నుంచి వచ్చే శక్తిలో ఓ 5 శాతం తగ్గించి, ఆ మేరకు పప్పుధాన్యాలు, పాలు, గుడ్లు, చేపల మాంసకృత్తులు తీసుకునేవారిలో మధుమేహం ఉండే అవకాశం తక్కువగా కనిపించింది. ఆ జాబితాలో శాకమూ ఉంది, నీచూ ఉంది. వేట మాంసం మాత్రం లేదు. ఇది ఒకసారి చేసిన సర్వే కనుక రుజువు అనకూడదు, కానీ దారి చూపించే గుర్తు.

మాంసం పక్షాన ఉన్న న్యాయం కూడా చెప్పుకోవాలి. బి12 విటమిన్ మొక్కల నుంచి రాదు. మాంసం, చేప, గుడ్డు, పాల నుంచే రావాలి. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకునేవారిలో అది ఇంకా తగ్గే వీలుంది. మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అలాంటప్పుడు పేదింటి ఆడబిడ్డకు గుడ్డు, చేప వద్దనడం ధర్మం కాదు.

శాకాహారం పక్షాన ఉన్న న్యాయమూ తక్కువ కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 22 జంటల కవలల మీద చేసిన 8 వారాల పరిశోధన ఫలితాలు ప్రకటించారు. ప్రతి జంటలో ఒకరికి పూర్తి శాకాహారం, ఒకరికి మాంసంతో కూడిన మంచి ఆహారం ఇచ్చారు. శాకాహారం తిన్నవారిలో చెడు కొలెస్ట్రాల్, పరగడుపు ఇన్సులిన్ ఎక్కువగా తగ్గాయి. వేట మాంసంలోని కొవ్వు, వేయించిన నూనె, డాల్డా గుండెకు మంచివి కావు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ సాసేజీల వంటి నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఎర్ర మాంసం క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో ఉంది. కాబట్టి వేట మాంసం పండక్కి, విందుకి ఉంచుకుని, రోజువారీకి పప్పు, గుడ్డు, చేప పెట్టుకోవడం మేలు. పూడిమడక తీరం నుంచి వచ్చే చేప మనకు దూరమేమీ కాదు. ఎండుచేపలకు మాత్రం ఉప్పు చూసుకోవాలి, బీపీ ఉన్నవారు మరీ.

మన దీన్ ఈ విషయంలో మధ్యేమార్గమే చూపింది. హలాల్ చేసినదాన్ని హరాం అనుకోవద్దంది, మితిమీరవద్దంది. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి వదలమని దైవప్రవక్త (స) నేర్పారు. ఆయన మాంసం తిన్నారు. కానీ ఆయన ఇంట్లో రెండేసి నెలలు పొయ్యి వెలగకుండా ఖర్జూరాలు, నీళ్లతో గడిచిన రోజులున్నాయని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఒక దర్జీ పెట్టిన విందులో మాంసమూ ఆనపకాయా కలిపి వండిన కూర వస్తే, ఆయన గిన్నెలో ఆనపకాయ ముక్కలు వెతుక్కుని తిన్నారని హదీసుల్లో ఉంది. మన దాల్చా అలాంటిదే కదా! శనగపప్పు, ఆనపకాయ, నాలుగు మాంసం ముక్కలు. మాంసమా, శాకమా అనే గొడవను మన వంటిల్లు ఎప్పుడో తీర్చేసింది. చెడింది దాల్చా కాదు, దాని కింద పోసుకునే బగారా అన్నం కుప్ప, పైన తాగే కూల్ డ్రింకు, చివర్లో డబుల్ కా మీఠా.

మన ప్రాంతానికి ఇంకో మాట. గోవాడలో చక్కెర ఫ్యాక్టరీ, అనకాపల్లిలో బెల్లం మార్కెట్ ఉన్న గడ్డ మనది. "పంచదార మానేశాం, బెల్లం టీ తాగుతున్నాం" అని చాలామంది ధీమాగా చెబుతారు. షుగరు పెంచడంలో బెల్లం, పంచదార అన్నదమ్ములే. ఖర్జూరం సున్నత్, అందులో సందేహం లేదు. షుగరు ఉన్నవారు ఒకటి, రెండుతో సున్నత్ నెరవేర్చుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మాటలు విని ఎవరూ రాత్రికి రాత్రి అన్నం మానేయవద్దు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గాని వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. మందు మోతాదు డాక్టరు మార్చాలి. రోజా ఉండేవారూ రంజాన్‌కు ముందే డాక్టరును కలవాలి. రోజాలో షుగరు 70 కంటే పడినా, 300 దాటినా రోజా విప్పేయాలని వైద్యుల సూచన. రక్తపరీక్ష కోసం వేలు గుచ్చుకుంటే రోజా పోదని ఉలమాలు చెప్పారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా మాంసం గాని పప్పు గాని పెంచకూడదు. ఉద్దానం కష్టం పక్కనే చూస్తున్న ఉత్తరాంధ్ర వాళ్లం, ఈ మాట మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దాతలకు అసలు విన్నపం. రంజాన్‌కు మనం ఇచ్చే కిట్లో బియ్యం, పంచదార, సేమియా, నూనె, ఖర్జూరం ఉంటాయి. రేషన్ కార్డున్న ఇంటికి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. ఆ ఇంటికి రానిది పప్పు, గుడ్డు, కూరగాయ. మనం కూడా బియ్యమే ఇస్తే ఉన్నదాని మీద ఉన్నదే పోసినట్టు. ఒక చేత్తో పంచదార ఇచ్చి, రెండో చేత్తో షుగరు మందుల డబ్బు ఇస్తున్నాం.

దీని మీద మా కార్యవర్గంలో రెండు అభిప్రాయాలున్నాయి. "పేదవాడి కడుపు నింపేది బియ్యమే, పండగ పూట పంచదార తీసేస్తే మనసు చిన్నబోతుంది" అన్న పెద్దల మాటలో నిజముంది. చెరకు నరికే కూలికి, ఎదిగే పిల్లలకు అన్నం కావాలి. అందుకే పూర్తిగా తీసేయమనడం లేదు. అదే డబ్బులో బియ్యం, పంచదార సగానికి తగ్గించి, కందిపప్పు, శనగలు, వేరుశనగ గుళ్లు, నెలకు సరిపడా గుడ్ల కూపన్ చేర్చాలని మా ప్రతిపాదన. ఫిత్రా జోలికి వెళ్లడం లేదు, దాని కొలత ఉలమాలు చెప్పినట్టే. జకాత్ సొమ్ము నియమాలూ అంతే. మేము అడిగేది సాధారణ విరాళాల గురించి మాత్రమే.

ఖుర్బానీ మాంసం పంచేటప్పుడు కొవ్వు ముక్కలు, ఎముకలు పేదింటికి, మెత్తటి ముక్కలు మన ఇంటికి పోకుండా చూసుకుందాం. వలీమా విందుల్లో పెరుగు చట్నీ, కీరా ముక్కలు ముందు వడ్డించి, కూల్ డ్రింకు బదులు మజ్జిగ పెడదాం. మసీదు గదిలో ఒక గ్లూకోమీటర్, బీపీ యంత్రం, ఒక కొలత టేపు ఉంచుదాం. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే అది ముందస్తు హెచ్చరిక. పరగడుపు షుగరు 126 లేదా అంతకు మించి వస్తే డాక్టరు దగ్గరికి పంపాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంట్లో చేయాల్సింది ఇంకా తేలిక. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి, ధాన్యం నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదు. అంటే ముందు కూర వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోవడమే. ఆ కూర తోటకూర పప్పా, కోడి కూరా అన్నది ఎవరి ఇష్టం వారిది.

కిట్ల మార్పు మీద మీ అభిప్రాయం కార్యదర్శికి చెప్పండి. ఒప్పుకున్నా చెప్పండి, ఒప్పుకోకపోయినా చెప్పండి. మీరు ఇచ్చే ప్రతి రూపాయి ఆకలి తీర్చాలి, రేపటి జబ్బుకు మాత్రం కారణం కాకూడదు. అల్లాహ్ మీ దానాలను స్వీకరించాలని, మనందరి ఇళ్లలో ఆరోగ్యాన్ని, బర్కత్‌ను నింపాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం. ఆమీన్.