దుర్గం నుంచి డెత్ వ్యాలీ దాకా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

అమెరికాలో నేను సాధించిన విజయాల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. విజయాల గురించి మాట్లాడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకని ఒక ప్రయాణం గురించి చెబుతాను. లాస్ ఏంజెలెస్ నగరం నుంచి డెత్ వ్యాలీ అనే ఎడారి పార్కుకు కారులో వెళ్లాలంటే ఏం ఆలోచించుకోవాలి, ఏం సిద్ధం చేసుకోవాలి అన్నదే నా విషయం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫ్‌లోనో ఉన్నారు. సెలవు దొరికితే వాళ్లు కారు తీస్తారు. అందుకని ఇది మీకూ సంబంధించినదే.

ముందు మన దుర్గం సంగతి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా సోషల్ మాస్టారు మమ్మల్ని ఉదయగిరి కొండ ఎక్కించారు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి మరుసటి ఏడాది గెలిచిన కోట అది. గజపతుల సైన్యం అన్ని నెలలు ఎట్లా నిలిచిందిరా అని మాస్టారు అడిగితే, మేం కత్తులన్నాం, ఫిరంగులన్నాం. ఆయన నవ్వి, "కొండమీద నీళ్లు లేకుంటే ఏ కోటైనా వారంలో లొంగిపోద్దిరా" అన్నారు. ఆ రోజు ఆయన మూడు నియమాలు పెట్టారు. తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెట్టాలి, ఎండ ముదరకముందే దిగాలి. ఎవరి మరచెంబు వాళ్లు తెచ్చుకోవాలి, సగం నీళ్లు దిగేటప్పటికి మిగలాలి. ఎవరూ గుంపును విడిచిపోకూడదు. బయల్దేరే ముందు కొండ కింద మేకలు కాసే పెద్దాయన దగ్గరికి వెళ్లి, "ముప్పై నాలుగు మందిమి పోతున్నాం, పదకొండుకల్లా రాకపోతే మనుషుల్ని పంపు" అని చెప్పొచ్చారు. ఆయనది భయమని మేం చాటున నవ్వుకున్నాం.

ఇక 1997 జూలైకి వస్తాను. నేను అమెరికా వెళ్లి అప్పటికి ఏడాది. నాతో పాటు గదిలో ఉండే ముగ్గురు తెలుగు కుర్రాళ్లు, పాత కారు ఒకటి. శుక్రవారం రాత్రి అనుకున్నాం, శనివారం ఉదయం తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరాం. నలుగురికీ కలిపి మూడు లీటర్ల నీళ్లు, ఒక డజను కూల్‌డ్రింక్ డబ్బాలు. ఎక్కడికి వెళ్తున్నామో ఎవరికీ చెప్పలేదు.

లాస్ ఏంజెలెస్ నుంచి డెత్ వ్యాలీ నడిబొడ్డున ఉన్న ఫర్నెస్ క్రీక్‌కు సుమారు 430 కిలోమీటర్లు. మొహావీ దాకా ఇబ్బంది లేదు. రిడ్జ్‌క్రెస్ట్ దాటాక ఊళ్లు పలచబడతాయి. ట్రోనా అనే చిన్న ఊరు దాటాక మనిషి కనిపించడు. ఆ తర్వాత పానమింట్ లోయలోకి దిగి, మళ్లీ టౌన్ పాస్ అనే కనుమ ఎక్కాలి. దాని ఎత్తు సుమారు 1,500 మీటర్లు. కొన్ని మైళ్లలోనే వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుతాం. ఏసీ ఆపమని దారి పక్కన బోర్డులుంటాయి. ఎండలో ఏసీ ఆపడమేంటని మేం పట్టించుకోలేదు.

సగం కనుమ ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ కింద నుంచి ఆవిరి. నేను మెకానికల్ ఇంజనీర్ని. హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. కాబట్టి నేనే దిగి, గుడ్డ పెట్టి, రేడియేటర్ మూత తీశాను. ఒత్తిడిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఎగదన్నాయి. నా కుడి మణికట్టు మీద ఈ మచ్చ అప్పటిదే. మార్కుల మెమో కంటే దీన్నే ఎక్కువసార్లు చూసుకుంటాను.

ఆ బోర్డు ఎందుకు పెట్టారో ఆ తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నాను. రేడియేటర్ లోపలి ద్రవం సుమారు 100 డిగ్రీలుంటుంది. బయట గాలి 30 డిగ్రీలైతే తేడా 70. బయట 48 అయితే తేడా 52. అంటే వేడిని బయటికి పంపే శక్తి నాలుగో వంతు తగ్గిపోయింది. అదే సమయంలో ఎగువకు లాగడానికి ఇంజను రెట్టింపు కష్టపడుతోంది. పైగా ఏసీ తన వేడిని కూడా తెచ్చి రేడియేటర్ ముందే పోస్తుంది. పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే లెక్క ఇది. ముందే వేసుకుని ఉంటే చెయ్యి కాలేది కాదు.

అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. కింద లోయలో ఒక కప్పు మెరుస్తూ కనిపించింది. "రెండు మైళ్లుంటుంది, నడిచిపోయి సాయం తెస్తా" అని మాలో ఒకడు బయల్దేరబోయాడు. ఎడారి గాలిలో తేమా, దుమ్మూ తక్కువ. దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. అది ఎనిమిది మైళ్లని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నా నోట ఎట్లా వచ్చిందో గాని మాస్టారి మాట వచ్చింది: "గుంపును విడిచి ఎవరూ పోవద్దు." వాణ్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. కారు నీడలో రెండున్నర గంటలు కూర్చున్నాం. చెమట పట్టినట్టే అనిపించలేదు. పొడిగాలి పట్టిన చెమటను పట్టినట్టే ఆర్పేస్తుంది. ఒంట్లో నీళ్లు పోతున్న సంగతి మనకు తెలియనే తెలియదు. చివరికి ఒక వృద్ధ దంపతుల బండి వచ్చింది. వాళ్ల వెనక సీటు నిండా నీళ్ల క్యాన్లు. వాళ్లు ఆ దారికి కొత్తవాళ్లు కాదు.

మేం వెళ్లడానికి సరిగ్గా ఏడాది ముందు, 1996 జూలైలో, జర్మనీ నుంచి వచ్చిన నలుగురు ఆ పార్కులో దారి తప్పారు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. మారుమూల బాటలో టైర్లు పోయి, వాళ్ల వ్యాన్ అక్టోబరులో దొరికింది. అందులో మనుషులు లేరు. బండిని విడిచి నడిచారు. పెద్దవాళ్లవని తేలిన ఎముకలు 2009లో గాని దొరకలేదు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ లోయకు ఆ పేరు రావడం వెనకా ఇలాంటి కథే ఉంది. 1849లో కాలిఫోర్నియా బంగారం కోసం బండ్లు కట్టుకుని వెళ్తున్నవాళ్లలో కొందరు, ఎవరో చూపించిన పటాన్ని నమ్మి తెలిసిన బాట వదిలి అడ్డదారి పట్టారు. వచ్చి ఈ లోయలో చిక్కుకున్నారు. ఎద్దులను కోసుకు తిన్నారు. మాన్లీ, రోజర్స్ అనే ఇద్దరు యువకులు నడిచిపోయి, మూడు వారాలకు పైగా గడిచాక తిండి తీసుకుని వెనక్కి వచ్చారు. వాళ్లు తిరిగి రాకుండా తమ దారి తాము చూసుకోవచ్చు. వచ్చారు. అప్పుడు చేతిలో పటం, ఇప్పుడు చేతిలో ఫోను. అడ్డదారి మీద ఆశ మాత్రం మారలేదు. ఆ పార్కులో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. ఫోను చూపించే దారిని గుడ్డిగా నమ్మొద్దని పార్కువాళ్లే చెబుతారు.

రెండోసారి 2011 ఫిబ్రవరిలో వెళ్లాను, ఈసారి మా అమ్మా నాయనలతో. మాది ఆత్మకూరుకూ ఉదయగిరికీ నడుమ మెట్ట పల్లె. సోమశిల కాలువ నీళ్లకు అందని ఎత్తు. నాయన జన్మంతా వాన కోసం చూసిన మనిషి. ఎడారి చూపిస్తానంటే, "ఎడారి చూసేదానికి ఇంతదూరం రావాల్నా? రోహిణి కార్తెలో మన చేను చూస్తే చాలదా?" అన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు: "నీళ్లు ఏడేడ ఉండాయో చూసుకున్నావా?"

ఈసారి చూసుకున్నాను. ఒక తెల్లకాగితం తీసుకుని మాస్టారి మూడు నియమాలు రాసి, వాటి కిందే ఏర్పాట్లన్నీ రాశాను. వేసవి కాదు, చలికాలం. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరడం. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీళ్లు. బండికి వేరే నీళ్లు, కూలెంట్. రిడ్జ్‌క్రెస్ట్‌లో ట్యాంకు నిండా పెట్రోలు. స్పేర్ టైరులో గాలి. కాగితపు పటం. ఎగువకు ఎక్కేటప్పుడు ఏసీ బంద్, దిగేటప్పుడు చిన్న గేరు. తారురోడ్డు వదలకూడదు. రాత్రి బస ముందే ఖాయం. "రేపు రాత్రి ఎనిమిదిలోగా ఫోను రాకపోతే పార్కు ఆఫీసుకు ఫోన్ చెయ్యి" అని ఒక మిత్రుడికి దారితో సహా రాసిచ్చాను. మేకల పెద్దాయన స్థానంలో ఆయన అన్నమాట. అమ్మ పులిహోర, పెరుగన్నం కట్టింది. అది నా కాగితంలో లేదు గాని దానికే ఎక్కువ పని పడింది.

కనుమ దిగి లోయలోకి వెళ్తుంటే ఫొటో కోసం ఒక పల్లంలో ఆపబోయాను. నాయన కిటికీలోంచి చూసి, "బండి ఈడ ఆపబాక. ఇది వంక" అన్నాడు. చుక్క నీరు లేదు, ఇసుకా గులకరాళ్లూ తప్ప. కానీ రాళ్లు పేర్చుకున్న తీరు చూసి నీళ్లు ఎటునుంచి వస్తాయో చెప్పాడు. అక్కడ ఏడాదంతా కలిపి కురిసేది రెండంగుళాలు. కురిసిన రోజున మాత్రం గట్టి నేల పీల్చుకోలేక వంకలు ఉరుకుతాయి. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను అవశేషం ఏడాది వానను మించి ఒక్కరోజులో కురిపించింది. రోడ్లు కొట్టుకుపోయి పార్కు దాదాపు రెండు నెలలు మూసేశారు. ఆ వార్త చదివినప్పుడు నాయన మాటే గుర్తొచ్చింది. చెబుదామంటే అప్పటికి ఆయన లేడు.

బ్యాడ్‌వాటర్ దగ్గర దిగాం. సముద్ర మట్టానికి 86 మీటర్ల కింద, ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పల్లపు చోటు. కనుచూపు మేర తెల్లటి ఉప్పు. పక్కన చిన్న మడుగు. నాయన మడుగు చూసి, "నీళ్లుండాయి, తాగేదానికి లేవు. మన బోరు నీళ్ల మాదిరే" అన్నాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మన మెట్ట మనిషి అనే మాటే అది. 1913 జూలై 10న ఫర్నెస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు నమోదైందని, అది ప్రపంచ రికార్డని చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది ఒక చెట్టును చూసి. "ఇది మన సర్కారు తుమ్మ గదబ్బయా!" అన్నాడు. నిజమే. అక్కడి మెస్కీట్, మన సర్కారు తుమ్మ ఒకే జాతి బంధువులు. దాని కాయల్ని పిండి చేసుకుని తిని టింబిషా షోషోని అనే ఆదివాసులు ఆ లోయలో తరతరాలుగా బతికారు, ఇప్పటికీ ఉన్నారు. ఎండాకాలం వస్తే కొండల మీదికి ఎక్కేవారు, చలికి దిగేవారు. తెలియనివాళ్లకు మృత్యులోయ అయినది, నీటి జాడా కాలం తీరూ తెలిసినవాళ్లకు సొంత ఊరు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. దూర ప్రయాణానికి పథకం అంటే ఏమేం చూడాలో రాసుకోవడం కాదు. నీళ్లెక్కడ, వేళ ఎంత, వెనక్కి దారి ఏది, మనం రాకపోతే వెతికేదెవరు అన్నవి రాసుకోవడం. విదేశాల్లో విహారానికి వెళ్లి తిరిగి రాని మన తెలుగు పిల్లల వార్తలు మీరూ చదువుతున్నారు. వాళ్లు తెలివి లేనివాళ్లు కాదు. నేనూ ఆ కనుమ మీద తెలివైనవాణ్ననే అనుకున్నాను.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు ఫోను చేసి ఫలానా చోటికి వెళ్తున్నామంటే, "జాగ్రత్త" అని ఊరుకోకండి. జాగ్రత్త అనే మాటకు వాళ్లు "సరే" అంటారు, అంతటితో అయిపోతుంది. నాలుగు ప్రశ్నలడగండి. నీళ్లెన్ని తీసుకున్నారు? ఎన్నింటికి తిరిగొస్తారు? బండి ఆగిపోతే ఏం చేస్తారు? ఎవరికి చెప్పి వెళ్తున్నారు? విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. మేం కూడా మాస్టారిని చూసి నవ్వుకున్నవాళ్లమే.

మాస్టారు ఈ రోజు ముందు వరసలో కూర్చున్నారు. ఆ కొండ దిగాక ఆయన మమ్మల్ని మూడుసార్లు లెక్కపెట్టారు. మూడుసార్లూ ముప్పై నాలుగే. అప్పుడు గాని తన మరచెంబు మూత తీసి ఆయన నీళ్లు తాగలేదు. సార్, 1997లో ఆ కనుమ మీద మేం నలుగురం ఉన్నాం. తిరిగి నలుగురం ఇంటికి చేరాం. ఆ లెక్క మీకు అప్పజెప్పడానికే ఇంత దూరం వచ్చాను.