ఓడ మీద మొదటి పాఠం



మన ఆలూరుకు సముద్రం చాలా దూరం. మనకు తెలిసిన ఏరు హగరి. అదీ వానలు పడితేనే పారుతుంది. ఇలాంటి చోట ఓడ మాట ఎందుకు అంటారా? కారణం ఉంది. ఇప్పుడు మన ఆడపిల్లలు ఇంటర్ చదువుతున్నారు. రేపు ఒక పిల్ల వచ్చి, “అమ్మా, నేను నౌకాదళంలో చేరతా” అంటే ఏం చెప్పాల? “యాడికి పోతావే? అక్కడ నీతో ఏం పని చేయిస్తారో!” అని తల్లి భయపడుతుంది. ఆ పని ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది.

నౌకాదళం అంటే సముద్రం మీద దేశాన్ని కాపలా కాసే సైన్యం. అందులో పని చెప్పి చేయించే వాళ్లు ఆఫీసర్లు. వాళ్ల బడి కేరళలో ఎళిమల అనే చోట ఉంది. అక్కడ మొదటి చదువు అయ్యాక వాళ్లను శిక్షణ ఓడ ఎక్కిస్తారు. ఫిరంగుల చదువు, యంత్రాల చదువు లాంటి పెద్ద చదువులు ఆ తర్వాతే. ముందు ఓడ పని నేర్వాల.

కొత్త ఆఫీసరు ఓడ ఎక్కగానే కుర్చీలో కూర్చుని హుకుం ఇస్తుందా? ఇవ్వదు. చీపురు పట్టుకుంటుంది. ఓడ పైభాగాన్ని డెక్ అంటారు. ఉప్పు గాలికి ఇనుము తుప్పు పడుతుంది. అందుకే డెక్ కడగాల. తుప్పు గీకాల. రంగు వెయ్యాల.

తర్వాత తాళ్ల పని. ముడి ఎలా ఉండాల? ఎంత లాగినా జారకూడదు. విప్పాలంటే వెంటనే రావాల. ఎద్దును కట్టే పలుపు ముడి తెలిసిన వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు.

తర్వాత కాపలా. సాధారణంగా ఒక్కో కాపలా 4 గంటలు. రాత్రి కూడా వంతు వస్తుంది. చేనిలో మంచె ఎక్కి చూసినట్టు నాలుగు దిక్కులా చూడాల. దూరంగా దీపం కనబడితే అది పెద్ద ఓడా, చేపల పడవా తెలుసుకోవాల. కునుకు తీస్తే ఓడకే ముప్పు.

ఇంజన్ గదిలో వేడి, రొద. అక్కడ కూడా నిలబడి పని చూడాల. అలలకు ఓడ ఊగుతుంటే కొత్తవాళ్లకు కడుపులో తిప్పుతుంది, వాంతులు అవుతాయి. అయినా వంతు వస్తే లేవాల. ఇంక నీళ్లు. చుట్టూ సముద్రమే, తాగడానికి పనికిరాదు. యంత్రంతో ఉప్పు తీసిన నీళ్లే గతి. వాటిని పొదుపుగా వాడాల. ఆలూరు ఆడవాళ్లకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర లేదు!

ఆఫీసరుకు ఇదంతా ఎందుకు? కలుపు తీయడం రాని మేస్త్రి కూలీలకు పని చెబితే నవ్వరా? ఇదీ అంతే. పని చేసిన వాళ్లకే దాని కష్టం తెలుస్తుంది.

మన దేశంలో డాక్టరు పనే కాక వేరే పనులకు కూడా ఆడవాళ్లు నౌకాదళంలో ఆఫీసర్లుగా చేరడం 1992లో మొదలైంది. చాలా ఏళ్లు ఎక్కువ మందికి ఒడ్డున ఉండే ఉద్యోగాలే ఇచ్చారు. 2017లో ఆరుగురు ఆడ ఆఫీసర్లు ‘తారిణి’ అనే తెరచాప పడవలో ప్రపంచం చుట్టి రావడానికి బయలుదేరారు. వాళ్లలో ఇద్దరు మన తెలుగు ఆడపడుచులు. విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. ముందుగా వాళ్లు ‘మాదేయి’ అనే ఇంకో పడవ మీద పని నేర్చుకున్నారు. సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, 2018 మే 21న తిరిగి వచ్చారు. దారిలో పెద్ద తుఫాను వచ్చింది. చుక్కాని చెడిపోతే మారిషస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు. వంట, కాపలా, చుక్కాని, తెరచాప అన్నీ ఆ ఆరుగురే చూసుకున్నారు.

ఇప్పుడు ఇంటర్ చదివిన ఆడపిల్లలకు కూడా దారి ఉంది. 2022 నుంచి ఆడపిల్లలను నావికులుగా కూడా తీసుకుంటున్నారు. వాళ్ల మొదటి జట్టు 2023 మార్చిలో ఒడిశాలోని చిల్కాలో శిక్షణ పూర్తి చేసింది.

ఓడ మీద ఇంకో పని ఉంది. అదే రాత. ప్రతి ఓడలో ఒక పుస్తకం ఉంటుంది. దాన్ని లాగ్ అంటారు. ఎన్ని గంటలకు ఏ దిక్కుకు పోయారు, గాలి ఎలా ఉంది, ఏం జరిగింది, అన్నీ కాపలా వాళ్లు రాస్తారు. తప్పు రాస్తే చెరపకూడదు. గీత కొట్టి, పక్కన మళ్లీ రాసి, సంతకం పెట్టాల. రేపు ఏదైనా తగవు వస్తే ఆ పుస్తకమే సాక్షి.

అక్కలారా, మనలో ఎంతోమంది సుగ్గికి గుంటూరు వైపు పోతారు. తీసిన పత్తి ఎన్ని కిలోలు? ఎన్ని రోజుల పని? బయానా ఎంత? లెక్క మేస్త్రి నోట్లోనే ఉంటే చివరి రోజు ఏం చెయ్యగలం? ఇప్పుడు మనకు అక్షరం వచ్చింది. ఈసారి మూటలో ఒక నోటుబుక్కు, ఒక పెన్ను పెట్టుకోండి. రోజూ రాత్రి తేదీ వేసి రెండు ముక్కలు రాయండి. తప్పు పోతే గీత కొట్టి మళ్లీ రాయండి. ఆ పుస్తకం మీకు సాక్షి.