పరిశోధన సీటుకు ఎవరి అనుమతి కావాలి?

(గచ్చిబౌలిలో సైన్సు, ఇంజనీరింగు విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిహెచ్.డి.లో ఎలా చేరాలో చెప్పమని నన్ను పిలిచారు. అంతకంటే ముందు మనల్ని ఎలా ఆపుతారో చెబుతాను.

హైటెక్ సిటీలో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాక పరిశోధనకు దరఖాస్తు పెట్టాను. రాతపరీక్ష నెగ్గాను. ఇంటర్వ్యూలో నా అంశం మీద రెండు ప్రశ్నలు వేశారు. మూడో ప్రశ్న, "పాపను ఎవరు చూసుకుంటారు?" నా తర్వాత లోపలికెళ్లిన అతనికీ ఒక బిడ్డ ఉంది. అతన్ని ఆ మాట అడగలేదు. ఆ ఏడు నాకు సీటు రాలేదు. మరుసటి ఏడు వేరేచోట వచ్చింది.

ఇది కొత్త కథ కాదు. తెలుగు కుటుంబంలో పుట్టిన ఎ. లలిత పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుంది. చంటిపిల్ల తల్లిగా మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో చేరింది. 1940లలో ఆమెకు పట్టా ఇచ్చేటప్పుడు, అచ్చేసిన కాగితం మీద 'అతడు' అన్నది కొట్టేసి 'ఆమె' అని రాయాల్సి వచ్చింది. ఇప్పుడు కాగితాలు మారాయి. కానీ అందులో ఏముందో తెలుసుకుని మనం అడగకపోతే అది మన దాకా రాదు.

2022 యుజిసి నిబంధనల ప్రకారం పిహెచ్.డి. కాలం మొత్తంలో స్త్రీలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. గడువు ఆరేళ్లు, మళ్లీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు, స్త్రీలకు ఆపైన ఇంకో రెండేళ్లు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైంగా కూడా చేయవచ్చు. అందుకు యాజమాన్యం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. విశ్వవిద్యాలయం సొంత ప్రవేశ పరీక్ష పెడితే దానికి 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. నన్నడిగిన ప్రశ్న ఆ ముప్పైలోనే కాచుకుని కూర్చుంటుంది! ఐఐటీల నిబంధనలు వేరు, విడిగా చూసుకోండి.

సిఎస్ఐఆర్-యుజిసి నెట్ జూనియర్ ఫెలోషిప్‌కు స్త్రీలకు వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంది. 2023 జనవరి నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్ అయ్యాక 42,000.

చోట్లు దూరంగా లేవు. ఇక్కడే 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. తార్నాక వైపు ఐఐసిటి, సిసిఎంబి. సంగారెడ్డి దారిలో, కందిలో ఐఐటీ.

మీకు నచ్చిన ప్రొఫెసర్ రాసిన పత్రాలు రెండైనా చదివి, మీరేం చేయాలనుకుంటున్నారో ఒక పేజీలో రాయండి. చేరేముందు ఆ ల్యాబులో చదివిన ఒక స్త్రీని వెతికి పట్టుకోండి. ఎన్నేళ్లు పట్టింది? ఫెలోషిప్ నెలనెలా వస్తుందా? రాత్రి ప్రయోగం ముగిశాక హాస్టలుకు ఎలా వెళ్తావు? ఈ జవాబులు ఏ ప్రకటనలోనూ ఉండవు. లైంగిక వేధింపులపై 2013 చట్టం, 2015 యుజిసి నిబంధనల ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దాని సభ్యులెవరో ముందే తెలుసుకోండి.

చివరిగా ఒక మాట. పెళ్లి గురించో పిల్లల గురించో ఇంటర్వ్యూలో అడిగితే ఇంటికొచ్చి ఏడవకండి. తేదీ, చోటు, అడిగిన మాట రాసిపెట్టండి. నేను ఆనాడు రాయలేదు. అందుకే నా దగ్గర బాధ తప్ప రుజువు లేదు. ఒక్కరు రాస్తే అది ఫిర్యాదు. పదిమంది రాస్తే ఇంటర్వ్యూ బల్లకు అటువైపు స్త్రీలు ఉండాలని, క్యాంపస్‌లో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని గట్టిగా అడగగలం.