'అయింది సార్' అంటే చాలదు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... మన మూడు ఊళ్లలో ఎక్కడా విమానాశ్రయం లేదు. విమానమెక్కాలంటే శంషాబాద్‌కో, గన్నవరానికో పోవాల్సిందే. అయినా ఇవాళ విమానాల సంగతే చెబుతాను. పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది ఇంగ్లీషు గడగడా రాదని లోలోపల కుంగిపోతున్నారు కనుక.

1996 నవంబరు 12 సాయంత్రం. ఢిల్లీలో లేచిన సౌదీ విమానాన్ని 14,000 అడుగుల ఎత్తులో, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానాన్ని 15,000 దగ్గర ఉండమన్నాడు నేల మీంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్. ఎదురుగా విమానం వస్తోందనీ హెచ్చరించాడు. కజక్ విమానంలో ఆ మాటలు విని జవాబిచ్చేది పైలట్ కాదు, రేడియో ఆపరేటర్. అతని ముందు ఎత్తు చూపే మీటరు కూడా లేదు. పైలట్ల భుజాల మీదుగా తొంగి చూడాలి. వినేవాడొకడు, నడిపేవాడొకడు! విమానం 15,000 దాటి దిగిపోయింది. ఆపరేటర్ గమనించి పైకి లేపమనేసరికి ఆలస్యమైంది. హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద రెండూ ఢీకొని 349 మంది పోయారు. జస్టిస్ లాహోటీ విచారణలో తేలిన కారణాల్లో కజక్ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడమూ ఉంది.

చూశారా, చివరికి ఇంగ్లీషే కదా అంటారేమో. ఆగండి. 1977 మార్చి 27న టెనెరిఫ్ విమానాశ్రయంలో రేడియోలో అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడారు. ఒక విమానాన్ని ఆగమని కంట్రోల్ టవర్ చెబుతున్న క్షణంలోనే, మేమింకా రన్‌వే మీదే ఉన్నామని రెండో విమానం అంది. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు గొంతులూ కలిసి కీచుమన్నాయి. పొగమంచులో మొదటి విమానం ఆగలేదు, రెండోదాన్ని ఢీకొట్టింది. 583 మంది చనిపోయారు.

అందుకే కంట్రోలర్ చెప్పిన ఎత్తునూ రన్‌వే నంబరునూ పైలట్ తిరిగి అప్పజెప్పాలి. తప్పు వినిపిస్తే కంట్రోలర్ అక్కడికక్కడే దిద్దాలి. 2008 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ విమానయాన భాషా ప్రమాణంలో ఆరు స్థాయిలున్నాయి. నాలుగోది వస్తే చాలు. యాస ఉన్నా ఫర్వాలేదు, అర్థానికి తరచూ అడ్డు రాకూడదు. అనుమానం వస్తే అడిగి తేల్చుకోవడం మాత్రం రావాలి.

మన తరగతుల్లో 'అర్థమైందా?' అంటే అందరూ ఒక్క గొంతుతో 'అయింది సార్' అంటారు. కాక్‌పిట్‌లో ఆ జవాబు చెల్లదు.

రేపు ఉద్యోగంలో ఎవరో గబగబా పని చెప్పి వెళ్లబోతారు. పోనివ్వకండి. 'సార్, మీరు చెప్పింది ఇదేనా?' అని తిరిగి చెప్పండి. నల్లగొండ యాసలోనే చెప్పండి.