మ్యూజిక్ ఫోన్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు షాపులోనే ఈ ఐదు పరీక్షలు చేయండి

 

పోయిన వీడియో కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, నాకు పాటలంటే ప్రాణం. బడ్జెట్ 15 వేలు. షాపులో ఒకటి చూపించి, ఇది మ్యూజిక్ ఫోన్, ఇంకో 3 వేలు వేసుకో అంటున్నారు. వేసుకోమంటావా?" అని అడిగాడు. ఈ రోజు వీడియో మొత్తం ఆ 3 వేల గురించే. ఎందుకంటే నేను కూడా ఒకసారి ఇలాగే డబ్బు పెట్టి తప్పు చేశాను. అదేంటో చివర్లో చెప్తాను, స్కిప్ చేయకండి.

ముందు ఒక విషయం. మ్యూజిక్ ఫోన్ అనే మాట కొత్తదేం కాదు. 2005లో సోనీ ఎరిక్సన్ వాక్‌మన్ పేరుతో డబ్ల్యూ800 తెచ్చింది. 2008లో నోకియా 5800 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్ వచ్చింది. మాలో చాలామందికి అది కాలేజీ అన్నయ్యల చేతిలో చూసిన ఫోన్. అప్పట్లో ఆ పేరుకి ఒక అర్థం ఉండేది. పాటలు పట్టేంత మెమరీ కార్డు, ఇయర్‌ఫోన్స్ పెట్టెలోనే ఇచ్చేవాళ్ళు. 2016లో ఎల్‌జీ వీ20లో సౌండ్ కోసమే ప్రత్యేకంగా క్వాడ్ డాక్ పెట్టారు. ఆ ఎల్‌జీ 2021లో ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకుంది. ఇప్పుడు చాలా ఫోన్లలో మ్యూజిక్ అంటే పెట్టె మీద ఒక స్టిక్కర్, సెట్టింగ్స్‌లో ఒక బటన్. అందుకే స్టిక్కర్ చూసి కాదు, విని కొనాలి.

అసలు పాట మన చెవిదాకా ఎలా వస్తుందో చూద్దాం. మొదట పాట ఫైల్. అది ఒకట్లు, సున్నాలు. దాన్ని కరెంటు తరంగంగా మార్చే చిప్పే డాక్. ఆ తర్వాత ఆంప్లిఫయర్, తర్వాత ఇయర్‌ఫోన్, చివర్లో మన చెవి. పొలానికి నీళ్ళు పెట్టే పైపు లాంటిదే ఇది. మోటారు ఎంత పెద్దదైనా మధ్యలో ఒకచోట పైపు సన్నగా ఉంటే, నీళ్ళు సన్నగానే వస్తాయి. సీడీలో పాట సెకనుకి 1,411 కిలోబిట్లు. మీరు వినేది 128 కిలోబిట్ల ఫైల్ అయితే, 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ అని రాసున్న ఫోన్ కొన్నా ఆ ఫైల్‌లో లేనిది కొత్తగా పుట్టదు.

ఇంకొకటి, ఇది షాపుల్లో ఎవరూ చెప్పరు. మీరు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో వింటే ఫోన్‌లో ఉన్న డాక్‌కి అసలు పనే ఉండదు. ఫోన్ పాటని డిజిటల్‌గానే గాల్లోకి పంపిస్తుంది, డాక్ పని ఆ ఇయర్‌బడ్స్ లోపల జరుగుతుంది. అంటే బ్లూటూత్‌తో వినేవాళ్ళు ఫోన్‌లో డాక్ కోసం 3 వేలు ఎక్కువ పెట్టారంటే, ఆ 3 వేలు అలా జేబులోనే నిద్రపోతాయి అన్నమాట.

సరే, ఇప్పుడు పరీక్షలు. షాపుకి వెళ్ళేటప్పుడు మీ సొంత ఇయర్‌ఫోన్స్, మీకు కంఠతా వచ్చిన రెండు పాటలు తీసుకెళ్ళండి. వాళ్ళు వినిపించే డెమో పాట వద్దు. అది ఫోన్ బాగా కనబడటానికి ఏరి పెట్టుకున్నది.

ఒకటి, ఇయర్‌ఫోన్ పెట్టే చోటు చూడండి. 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉందా, లేదా? లేకపోతే టైప్-సి కనెక్టర్ వాడాలి. ఇక్కడ ఒక చిక్కుంది. కొన్ని కనెక్టర్ల లోపల డాక్ ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. డాక్ లేనిది అన్ని ఫోన్లకీ పనిచేయదు. కాబట్టి కనెక్టర్ అక్కడే పెట్టి, పాట వచ్చాకే నమ్మండి.

రెండు, నిశ్శబ్దం పరీక్ష. యూట్యూబ్‌లో తంబుర శ్రుతి పెట్టండి. వాల్యూమ్ బాగా తగ్గించి, ఇయర్‌ఫోన్‌తో వినండి. తీగ మీటాక ఆ నాదం మెల్లగా సన్నబడుతుంది కదా, ఆ చివర దాకా శుభ్రంగా వినిపిస్తోందా, వెనకాల 'స్‌స్' అని గాలి శబ్దం ఉందా? తర్వాత పాట ఆపేసి, మళ్ళీ పెట్టండి. టిక్కుమంటోందా చూడండి. డాక్, ఆంప్లిఫయర్ ఎలాంటివో ఏ స్టిక్కరూ చెప్పదు, ఇది చెప్తుంది.

మూడు, స్పీకర్. స్టీరియో అని రాసి ఉంటే, కింద స్పీకర్‌ని వేలితో మూసేయండి. పైన కాల్ వినే చోటు నుంచి ఎంత సౌండ్ వస్తోంది? చాలా ఫోన్లలో ఆ రెండో స్పీకర్ అదే. కిందదానిలో సగం కూడా రాకపోతే అది పేరుకే స్టీరియో. తర్వాత ఫుల్ వాల్యూమ్ పెట్టి, గొంతు చీరుకుపోతోందా, తబలా దెబ్బ డబ్బా కొట్టినట్టు ఉందా వినండి.

నాలుగు, బ్లూటూత్ కోడెక్. మామూలు ఎస్‌బీసీ సెకనుకి సుమారు 328 కిలోబిట్ల దాకా పంపుతుంది. సోనీ తయారుచేసిన ఎల్‌డ్యాక్ 990 దాకా వెళ్తుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఎల్‌డ్యాక్‌ని ఆండ్రాయిడ్‌లోనే కలిపారు. కానీ ఫోన్‌లో ఉంటే సరిపోదు, ఇయర్‌బడ్స్‌లో కూడా ఉండాలి. ఐఫోన్‌లో ఎల్‌డ్యాక్ లేదు, అక్కడ ఏఏసీ నడుస్తుంది. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో ఇప్పుడు ఏ కోడెక్ నడుస్తోందో కనబడుతుంది.

ఐదు, అన్నిటికంటే ముఖ్యం. సౌండ్ ఎఫెక్ట్స్ అన్నీ ఆఫ్ చేసి వినండి. ఆన్ చేయగానే 'అబ్బ, ఎంత తేడా' అనిపిస్తుంది. చాలాసార్లు ఆ తేడా క్వాలిటీ కాదు, వాల్యూమ్. కాస్త గట్టిగా వినిపించేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. రెండు ఫోన్లు పోల్చేటప్పుడు కూడా వాల్యూమ్ సమానంగా పెట్టి, కళ్ళు మూసుకుని వినండి. ఏది ఏదో కనిపెట్టలేకపోతే, తక్కువ ధరది తీసుకోండి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఉద్యోగంలో మొదటి జీతం రాగానే మా నాన్నకి 18 వేలు పెట్టి ఒక మ్యూజిక్ ఫోన్ కొన్నాను. కంపెనీ పేరు వద్దులెండి. నాన్న 20 ఏళ్ళకి పైగా రైస్ మిల్లులో పనిచేశారు, భజన పాటలంటే ఇష్టం. వారం తిరక్కుండానే ఫోన్ చేసి, "ఒరేయ్, ఇందులో తాళాలు వినపడట్లేదురా, పాటలో మాటలు కూడా కలిసిపోతున్నాయి" అన్నారు. శని, ఆదివారాలు ఇంటికి వెళ్ళి, ఈక్వలైజర్ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. ఫోన్‌నే తిట్టాను. నేను వింటే తాళాలు చక్కగా వస్తున్నాయి. అయినా నాకు వెలగలేదు. కొన్ని నెలల తర్వాత చెవి డాక్టర్ పరీక్ష చేసి కాగితం ఇస్తే, అందులో గీత ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర కిందికి పడిపోయి ఉంది. రెండు చెవులకీ. ఏళ్ళ తరబడి మిషన్ల మోత విన్నందుకు పోయిన వినికిడి, అది తిరిగి రాదన్నారు.

చెవికి యంత్రం పెట్టించాం. తీరా చూస్తే, నేను గొప్పగా కొన్న ఫోన్ ఆ యంత్రానికి నేరుగా కలవలేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి వినికిడి యంత్రాలకి పాట నేరుగా పంపే సౌకర్యం ఉంది, కానీ ప్రతి ఫోన్‌లోనూ ఉండదు. తర్వాత తక్కువ ధరలో, కలిసే ఫోన్ వెతికి తెచ్చాను. దాని పెట్టె మీద మ్యూజిక్ అన్న మాటే లేదు. నాన్న ఇప్పుడు సాయంత్రం పూట అందులోనే భజనలు వింటున్నారు. నేను చెయ్యాల్సింది మొదటి రోజే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని షాపులో వినిపించడం. ఆ ఒక్క పని చేయలేదు.

మన వయసు వాళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, 90 దగ్గర 4 గంటలే. బస్సులో, మెట్రోలో బయటి మోతని మించి వాల్యూమ్ పెంచేస్తాం. చెవిలో సరిగ్గా కూర్చునే ఇయర్‌ఫోన్ ఉంటే అంత పెంచాల్సిన పనే రాదు.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకి సమాధానం ఇదీ. నువ్వు వైరుతో వినేవాడివైతే, ఆ ఫోన్ ఒకటో పరీక్ష, రెండో పరీక్ష పాసైతే 3 వేలు వేసుకో. బ్లూటూత్‌తో వినేవాడివైతే, 15 వేల ఫోనే తీసుకుని, ఆ 3 వేలు మంచి ఇయర్‌బడ్స్ మీద పెట్టు. ఇంట్లో ఎవరికోసమైనా కొంటుంటే మాత్రం వాళ్ళని షాపుకి తీసుకెళ్ళు.

మీరు షాపుకి ఏ పాట తీసుకెళ్తారో కామెంట్‌లో చెప్పండి. వీడియో ఉపయోగపడితే ఫోన్ కొనబోయే ఒక్క ఫ్రెండ్‌కి పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.