బొమ్మకు యాస లేదు, మాటకు ఉంది

(కార్టూనిస్టు శేఖర్‌ను తలుచుకుంటూ మంగినపూడిలో చేసిన ప్రసంగ పాఠం)



సూర్యాపేట కార్టూనిస్టు గురించి మాట్లాడటానికి బందరు సముద్రం ఒడ్డుకు పోవుడేందని మా దోస్తులు అడిగారు. 'వాళ్లతోని కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నం, మళ్ల వాళ్ల దగ్గరనే ఉపన్యాసమా?' అన్నారు. మేం కొట్లాడింది మీతో కాదు, పెత్తనంతో. 1972లో ప్రత్యేకాంధ్ర కావాలని రోడ్డెక్కిన ఈ గడ్డకు ఆ తేడా విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

శేఖర్ పూర్తి పేరు కంబాలపల్లి చంద్రశేఖర్. 1965లో సూర్యాపేటలో పుట్టారు. ప్రజాశక్తిలో మొదలుపెట్టి ఆంధ్రప్రభలో, ఆ తర్వాత ఆంధ్రజ్యోతిలో బొమ్మలు వేశారు. 2014 మే 19న క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి ఎన్నికల ఫలితాలొచ్చి మూడు రోజులు. తెలంగాణ రాష్ట్రం రావడానికి ఇంకా పద్నాలుగు రోజులు. తెల్లారితే మే 20, తొలి తెలుగు కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు పుట్టినరోజు. తెలుగు కార్టూనిస్టులందరికీ పండుగ రోజు. ఆ పండుగకు ఒక్క రోజు ముందు, కొత్త రాష్ట్రానికి రెండు వారాల ముందు, యాభై ఏళ్లయినా నిండకుండా ఆయన వెళ్లిపోయారు.

పత్రికలో కార్టూన్‌కు దక్కే జాగా ఎంత? పాకెట్ కార్టూన్ అయితే ఒక్క కాలమ్. సాయంత్రం దాకా వచ్చిన వార్తలన్నీ చదవాలి, అందులోంచి ఒకటి ఏరుకోవాలి, పేజీ వెళ్లేలోపు గీసి ఇవ్వాలి. ఇవాళ బాగా రాలేదు, రేపు వేస్తానంటే కుదరదు. ఇట్లా ఏళ్ల తరబడి రోజూ పరీక్ష రాసే ఉద్యోగం ఇది. 610 జీవో 1985లో వచ్చింది. అది అమలు కాలేదని మనవాళ్లు పేజీలకు పేజీలు వ్యాసాలు రాశారు. వాటిని ఉద్యోగులు చదివారు, విద్యార్థులు చదివారు. కార్టూన్ మాత్రం హోటల్లో చాయ్ తాగేటోడి దాకా పోతుంది. చదువు రానివాడు కూడా చూసి నవ్వుతాడు. ఆ నవ్వంటేనే ప్రభుత్వాలకు భయం.

శేఖర్ రోజువారీ రాజకీయాల దగ్గర ఆగలేదు. చాలామంది పక్కకు తప్పుకొని పోయే కులం మీద బొమ్మలు గీశారు. వాటితో వచ్చిన పుస్తకం పేరు 'క్యాస్ట్ క్యాన్సర్'. ఒంట్లో క్యాన్సర్ పెట్టుకొని దేశం ఒంట్లోని క్యాన్సర్‌ను గీసిన మనిషి ఆయన. తన జబ్బుకు సానుభూతి అడగలేదు. అంతకన్నా పెద్ద జబ్బును చూడండన్నారు.

ఇక అసలు సంగతికి వస్తా. బొమ్మకు యాస లేదు. నల్లగొండ జిల్లా బిడ్డ పామర్తి శంకర్ గీసిన మండేలా బొమ్మకు 2014లో పోర్చుగల్‌లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి వచ్చింది. ఆ బొమ్మను మెచ్చినవాళ్లకు తెలుగు రానవసరం లేదు. గీత ఎక్కడికైనా పోతుంది. చిక్కంతా బొమ్మ కింద రాసే మాటతోనే.

ఉద్యమం రోజుల్లో నేనొక పత్రిక డెస్కులో కొత్తగా చేరాను. ఒక రోజు బొమ్మలో రైతు నోట 'గిదేంది సారూ, గిట్ల చేస్తరా?' అని వచ్చింది. పేజీలోకి పోయేసరికి అది 'ఇదేమిటండీ, ఇలా చేస్తారా?' అయింది. తల రుమాలు మాదే, భుజం మీది గొంగడి మాదే, నోరు మాత్రం మాది కాదు. ఎందుకు మార్చారని అడిగితే, 'అందరికీ అర్థం కావాలి కదా' అన్నారు. మరి అదే పేజీల్లో దొంగకు, తాగుబోతుకు, పనిమనిషికి మా మాటే పెట్టినప్పుడు అందరికీ ఎట్లా అర్థమైంది? ఆ రోజు నాకు తెలిసింది, రాష్ట్రం అడగడమంటే నీళ్లు, నిధులు, నియామకాలు ఒక్కటే కాదని. మన నోటికి మన మాట అడగడం కూడా అని.

కృష్ణా జిల్లా మిత్రులు దీన్ని తమ మీద నిందగా తీసుకోవద్దు. పత్రికల భాష కృష్ణా, గుంటూరు జిల్లాల భాష అని మేం అంటూ వచ్చాం. పొద్దున ఈ ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఇద్దరు పెద్దమనుషుల మాటలు కాసేపు విన్నాను. నాకు సగమే అర్థమైంది. గాలికి, అలకు, చేపకు వాళ్లకున్న పేర్లు నేను ఏ పత్రికలోనూ చదవలేదు. 1902లోనే కృష్ణా పత్రిక పుట్టిన బందరు ఇది. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న ఈ మనిషి మాట కూడా పత్రికకు ఎక్కలేదు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో దివిసీమ శవాల దిబ్బ అయినప్పుడు ఈ మనుషుల ఫొటోలు దేశమంతా వేసింది. వాళ్ల మాట వేయలేదు. అంటే మా మాటను కొట్టేసింది మీ జిల్లా కాదు, మీ జిల్లాలో కొద్దిమంది. ఆ కలం మీ మాట మీదా నడిచింది.

మీకొక బొమ్మ చెప్పి ముగిస్తాను. బందరు ఓడరేవుకు 2008లో శంకుస్థాపన అయింది. 2019లో మళ్లీ శంకుస్థాపన. 2023లో పనుల ప్రారంభోత్సవం. ముఖ్యమంత్రులు ముగ్గురు, కొబ్బరికాయలు మూడు. పక్కన వల భుజాన వేసుకున్న మనిషి నిలబడి చూస్తున్నాడు. శేఖర్ ఉంటే దీన్ని వదిలేవారా?

బొమ్మ ఎవరైనా వేయొచ్చు, మా సూర్యాపేట పిల్లగాడైనా వేస్తాడు. ఆ మనిషి ఏమంటున్నాడో మాత్రం నేను రాయలేను. రాస్తే నా డెస్కులో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. ఆ మాట మంగినపూడి పిల్లలే రాయాలి. ఎవరూ దిద్దకుండా అది అచ్చు కావాలి.

జై తెలంగాణ! జై ఆంధ్ర!